షవర్ గోడకు టైల్స్ వేసే ముందు: వెనక బోర్డు ఎంచుకోవడం, బిగించడం

షవర్‌లో టైల్స్ ఊడితే మొదట గమ్‌ను తిట్టుకుంటాం, తర్వాత టైల్‌ను. ఊడిన చోట వేలితో నొక్కి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మా బాత్రూంలో పాత టైల్స్ తీసిన రోజు మిక్సర్ కింద వరస గోటితో లాగితేనే వచ్చేసింది. వాటి వెనక జిప్సం బోర్డు నానిన అట్టలా మెత్తబడి, నల్లగా బూజు పట్టి ఉంది. పైన టైల్స్ మాత్రం మెరుస్తూనే ఉన్నాయి, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్‌లో కంటికి కనిపించే పగులు ఒక్కటీ లేదు. ఏళ్ళ తరబడి నీళ్ళు చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్ళాయి, మాకు తెలియలేదు.

అందుకే ఈ పని మొదలుపెట్టే ముందు ఒక మాట బాగా మనసులో పెట్టుకోండి. టైల్ నీళ్ళను ఆపదు. టైల్ ముక్క వరకు ఆపుతుందేమో గానీ, టైల్స్ వేసిన గోడ ఆపదు. సిమెంట్ గ్రౌట్ నీళ్ళు పీలుస్తుంది. దాని మీద సీలర్ పూస్తే మరకలు తగ్గుతాయి, పీల్చే వేగం తగ్గుతుంది, అంతే. ఎపాక్సీ గ్రౌట్ చాలా తక్కువ పీలుస్తుంది కానీ మూలల్లో, పైపుల చుట్టూ సన్నని సందులు ఏదో ఒకరోజు తెరుచుకుంటాయి. కాబట్టి నీళ్ళు లోపలికి వస్తాయనే అనుకొని, అవి ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవాలి. బోర్డు ఎంపిక, స్క్రూలు, టేపు, పూత అన్నీ ఆ ఒక్క నిర్ణయం వెంటే వస్తాయి.

నీళ్ళు ఆగేది బోర్డు ముందా, వెనకా?

రెండు దారులున్నాయి. మొదటిది, బోర్డు ముందు వైపునే, అంటే టైల్ గమ్‌కు సరిగ్గా వెనక, వాటర్‌ప్రూఫ్ పొర వేయడం. ఈ పొరనే మెంబ్రేన్ అంటారు, దాన్ని ద్రవంగా పూయవచ్చు, షీటుగా అతికించవచ్చు. ఇలా చేస్తే బోర్డు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

రెండోది పాత పద్ధతి. బోర్డు వెనక, దాన్ని మోసే నిలువు కమ్ముల చట్రానికి ప్లాస్టిక్ షీటు కడతారు. కనీసం 0.1 మి.మీ. మందం ఉండాలి, 0.15 అయితే చేతికి తొందరగా చిరగదు. నీళ్ళు గ్రౌట్‌నూ బోర్డునూ దాటి షీటు దాకా వచ్చి, దాని మీదుగా కిందకి జారి, తొట్టిలోకో, షవర్ నేల టైల్స్ కింద పరిచే వాటర్‌ప్రూఫ్ షీటు, అంటే నేల లైనర్‌లోకో చేరతాయి. ఈ పద్ధతిలో బోర్డు తడుస్తూ ఆరుతూ ఉంటుంది కాబట్టి తడికి పాడవని సిమెంట్ బోర్డే వాడాలి. షీటు అడుగు అంచు తప్పకుండా తొట్టి అంచు మీదుగా, లేదా నేల లైనర్ మీదుగా లోపలి వైపుకి వేలాడాలి. వెనక్కి దోపితే నీళ్ళను మీరే గోడలోకి పంపినట్టు.

నా సలహా మొదటి దారే. ఖర్చు కొంచెం ఎక్కువైనా, పొర మీ కళ్ళ ముందే ఉంటుంది కనుక టైల్స్ వేసే ముందు తడిమి చూసుకోవచ్చు, లోపం ఉంటే సరిచేయవచ్చు.

రెండూ చేస్తే రెట్టింపు భద్రత కదా అని చాలామంది అడుగుతారు. కాదు. ముందు పూత, వెనక ప్లాస్టిక్, మధ్యలో బోర్డు ఉంటే, ఏ రంధ్రం గుండానో లోపలికి వెళ్ళిన చెమ్మకు ఆరే దారే ఉండదు. రెండు వైపులా మూసుకుపోయిన చెమ్మ అక్కడే ఉండి బోర్డునూ స్క్రూలనూ తింటుంది. బయటి గోడ అయితే ఇన్సులేషన్ మీద అప్పటికే ప్లాస్టిక్ పొర ఉందేమో కూడా చూసుకోండి. ఏదో ఒకటే ఉంచాలి.

ఏ బోర్డు?

ముందు వద్దన్నవి చెబుతాను. మామూలు జిప్సం బోర్డు మీద నేరుగా టైల్స్ వేయకండి. దాని మధ్యలో ఉండేది నీళ్ళకు మెత్తబడే జిప్సం, పైన ఉండేది బూజుకు ఇష్టమైన కాగితం. ఆకుపచ్చ కాగితం ఉన్న తేమ నిరోధక బోర్డు చూసి చాలామంది మోసపోతారు. అది గాలిలోని చెమ్మను కొంత తట్టుకోవడానికి చేసినది, మీద నీళ్ళు పడే చోటికి కాదు. షవర్‌లో టైల్స్ వెనక దాన్ని వాడకూడదని అమెరికా ఇళ్ళ నిర్మాణ నియమావళి 2006 నుంచి చెబుతోంది. ప్లైవుడ్ కూడా వద్దు, తడికి ఉబ్బి ఆరితే కుంచించుకుపోతుంది, దానితోపాటు గ్రౌట్ పగులుతుంది.

ఒక మినహాయింపు ఉంది. షీటు మెంబ్రేన్ తయారీదారులు కొందరు మామూలు జిప్సం బోర్డు మీద కూడా తమ షీటు అతికించడానికి ఒప్పుకుంటారు, నీటి చుక్క బోర్డును తాకదనే ధీమాతో. సరిగ్గా అతికిస్తే అది పనిచేస్తుంది. కానీ మొదటిసారి చేసేవారు ఒక చిన్న పొరపాటుకు కూడా క్షమించని బోర్డును ఎందుకు ఎంచుకోవాలి?

సిమెంట్ బోర్డు అందరికీ తెలిసిన దారి. పోర్ట్‌లాండ్ సిమెంట్, తేలికపాటి ఇసుక లాంటి పదార్థం మధ్యలో ఉండి, రెండు వైపులా గ్లాస్ ఫైబర్ జాలీ ఉంటుంది. ఎన్నాళ్ళు నానినా కుళ్ళదు, ఉబ్బదు. అయితే నీళ్ళు దాని గుండా వెళ్ళిపోతాయి. పాడవకపోవడం వేరు, నీళ్ళను ఆపడం వేరు. షాపులో ఈ రెండింటినీ కలిపేసి, ఇది వాటర్‌ప్రూఫ్ అండీ అని చెబితే నమ్మకండి. బరువు కూడా ఎక్కువే, 12 మి.మీ. మందంలో 3 అడుగులకు 5 అడుగుల బోర్డు ఒక్కటి దాదాపు 20 కిలోలు తూగుతుంది. కోసినప్పుడు అంచులు పొడిపొడిగా రాలతాయి.

ఫైబర్ సిమెంట్ బోర్డులో సిమెంటుతో పాటు చెక్క గుజ్జు నార ఉంటుంది. నున్నగా, గట్టిగా, కోసిన అంచు శుభ్రంగా ఉంటుంది. కానీ నీళ్ళను గట్టిగా లాక్కుంటుంది. గమ్ పూసిన వెంటనే దానిలోని తడిని పీల్చేసి, టైల్ పెట్టే లోపే గమ్‌ను పొడిగా చేసేస్తుంది. అందుకే గమ్ పూసే ముందు తడి స్పాంజ్‌తో ఒకసారి తుడవాలి, నీళ్ళు కారేలా మాత్రం కాదు.

గ్లాస్ మ్యాట్ జిప్సం బోర్డుకు కాగితం బదులు గ్లాస్ ఫైబర్ పొర, పైన నీళ్ళను ఆపే పూత ఉంటాయి. తేలిక, కోయడం సులువు. కోసిన అంచులు, స్క్రూ రంధ్రాలు మాత్రం బలహీనమైన చోట్లు, ఎందుకంటే లోపల ఉన్నది జిప్సమే. ప్రతి కోతనూ మూసే ఓపిక ఉంటేనే తీసుకోండి.

ఇక ఫోమ్ బోర్డు. గట్టి పాలీస్టైరీన్ లాంటి ఫోమ్ మధ్యలో, పైన పలుచని పొర. బోర్డే నీళ్ళను ఆపుతుంది, అతుకులూ స్క్రూలూ మూస్తే చాలు. ఒక చేత్తో ఎత్తి గోడకు ఆనించవచ్చు, పేపర్ కట్టర్‌తో కోయవచ్చు, దుమ్ము లేదు. ఖరీదు ఎక్కువ. ఒంటరిగా పనిచేసేవారికి, మేడ మీదకి మోసుకెళ్ళేవారికి ఇది ఎంత సుఖమో పని మొదలుపెట్టాక తెలుస్తుంది. ఒక షరతు: ఆ కంపెనీ చెప్పిన వాషర్లు, సీలెంట్, టేపు మాత్రమే వాడాలి. ఒకరి బోర్డు, మరొకరి సీలెంట్ కలిపితే అతుకు ఊడినప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

మీది ఇటుక గోడో, కాంక్రీటు గోడో అయితే బోర్డు గొడవే లేదు. సిమెంట్ ప్లాస్టరింగే మీ టైల్ వెనక పొర. అది బాగా ఆరి, డొల్ల శబ్దం లేకుండా, మట్టంగా ఉంటే, దాని మీద నేరుగా వాటర్‌ప్రూఫ్ పూతకు వెళ్ళవచ్చు. తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోండి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరింగ్ కొట్టేసి మళ్ళీ పూయండి. జిప్సం ప్లాస్టర్ ఉంటే షవర్ భాగంలో పూర్తిగా తీసేయాలి. ఈ పాఠకులు బోర్డు బిగించే భాగం వదిలేసి, మూలల దగ్గర నుంచి చదువుకోవచ్చు.

నా ఓటు? బడ్జెట్ తక్కువైతే సిమెంట్ బోర్డు, పైన ద్రవ మెంబ్రేన్. చేతిలో కొంచెం డబ్బు ఉండి, సమయం తక్కువైతే ఫోమ్ బోర్డు. ఆవిరి స్నానం గది అయితే లెక్క వేరు. ఆవిరి నీటి కంటే సన్నని సందుల్లోకి దూరుతుంది, మామూలు ద్రవ పూతలు చాలావాటికి ఆవిరిని ఆపే శక్తి చాలదు. ఆవిరికి పనికొస్తుందని డబ్బా మీద ప్రత్యేకంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.

చట్రం సిద్ధం చేయడం

పాత గోడ పగలగొట్టే ముందు నీళ్ళ సరఫరా ఆపండి, కరెంటు ఆపండి, డ్రెయిన్ నోట్లో గుడ్డ కుక్కండి. ఇల్లు బాగా పాతదైతే పాత బోర్డుల్లో, నేల పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అనుమానం ఉంటే ముక్క పరీక్ష చేయించాకే ముట్టుకోండి, ఈ విషయంలో తొందర వద్దు.

బోర్డులు తీశాక కనిపించే నిలువు కమ్ములను, అదే స్టడ్స్‌ను, ఒక్కొక్కటీ చూడండి. స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే మెత్తగా దిగే చెక్క కుళ్ళిపోయినట్టే, మార్చేయండి. ఒక కమ్మి మధ్య నుంచి పక్క కమ్మి మధ్యకు 400 మి.మీ. మించకూడదు. మించితే మధ్యలో ఇంకోటి నిలబెట్టండి. లోహపు కమ్ములైతే పలుచని రకం పనికిరాదు, 20 గేజ్ ఉండాలి.

తర్వాత పొడవైన లెవెల్ పట్టీని గోడ మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఆనించి చూడండి. ఒక కమ్మి ముందుకు పొడుచుకొస్తే చిత్రిక పట్టండి, వెనక్కి ఉంటే పక్కన పట్టీ కొట్టి ముందుకు తెండి. పెద్ద టైల్స్ వేస్తుంటే ఇది మరీ ముఖ్యం. ఒక వైపైనా 15 అంగుళాలు ఉన్న టైల్స్‌కు 3 మీటర్ల పొడవులో 3 మి.మీ. మించి ఎగుడుదిగుడు ఉండకూడదు. చిన్న టైల్స్‌కు 6 మి.మీ. దాకా సర్దుకోవచ్చు. గమ్ మందంగా వేసి సరిచేద్దాం అనుకుంటారు, అది కుదరదు. మందపు గమ్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి టైల్‌ను లాగుతుంది. చట్రం దగ్గర గంట పెట్టుబడి పెడితే టైల్స్ దగ్గర ఒక రోజు మిగులుతుంది.

ఇప్పుడే చేయాల్సిన పని ఇంకొకటి: చేతి పట్టు కడ్డీ, గాజు తలుపు, కూర్చునే పీట వచ్చే చోట్ల కమ్ముల మధ్య అడ్డంగా చెక్క దిమ్మెలు బిగించండి. సబ్బులు, షాంపూలు పెట్టే గూడు కావాలంటే దానికీ చట్రం ఇప్పుడే కట్టాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే కడ్డీ ఇవాళ అక్కర్లేదనిపించినా దిమ్మె మాత్రం పెట్టండి. తర్వాత గోడ విప్పకుండా బిగించుకోవచ్చు.

బోర్డు కోయడం, బిగించడం

సిమెంట్ బోర్డును గ్రైండర్‌తో కోయాలనిపిస్తుంది, త్వరగా అవుతుంది కదా అని. దయచేసి ఇంట్లో అలా చేయకండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు. కార్బైడ్ మొన ఉన్న కత్తితో ఇనుప పట్టీ వెంట రెండు మూడు సార్లు గట్టిగా గీసి, గీత వెనక మోకాలు పెట్టి విరవండి, వెనక జాలీని కత్తితో తెంపండి. పైపు రంధ్రాలకు హోల్ సా, అంటే డ్రిల్‌కు తగిలించే గుండ్రని రంపం, వాడండి. పని ఆరుబయట, N95 మాస్క్‌తో. రంధ్రం పైపు కంటే కొంచెం పెద్దగా ఉండాలి. చుట్టూ సీలెంట్ దూరడానికి ఆ ఖాళీ కావాలి.

అడుగు వరసతో మొదలుపెట్టండి. బోర్డును అడ్డంగా పెడితే నిలువు అతుకులు తగ్గుతాయి. తొట్టి అంచు మీద, లేదా షవర్ నేల మీద 6 మి.మీ. మందం ముక్కలు పెట్టి వాటి మీద బోర్డు నిలబెట్టండి, బిగించాక ముక్కలు తీసేయండి. బోర్డు నేలకు ఆనితే దీపపు వత్తి నూనె లాక్కున్నట్టు కింది తడిని పైకి లాగుతుంది. షవర్ గోడలు అడుగున మొదట చెమ్మగిల్లేది ఈ తప్పు వల్లే. బోర్డు అడుగును నేల కాంక్రీటులో పాతిపెట్టే అలవాటు కూడా ఉంది, అదీ వద్దు.

పక్క పక్క బోర్డుల మధ్య 3 మి.మీ. సందు వదలండి. ఫోమ్ బోర్డులకు సందు వద్దు, సీలెంట్ పూసి ఒకదానికొకటి నొక్కి పెట్టాలి. నిలువు అతుకులన్నీ కమ్మి మధ్యలోనే రావాలి, గాల్లో వేలాడకూడదు. పై వరస అతుకు కింది వరస అతుకుకు సూటిగా రాకుండా ఇటుకలు పేర్చినట్టు పక్కకు జరపండి.

స్క్రూలు తుప్పు పట్టని రకం, సిమెంట్ బోర్డుకే చేసినవి, 32 మి.మీ. పొడవువి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు షవర్‌లో తుప్పు పడతాయి. 200 మి.మీ.కు ఒకటి చొప్పున, బోర్డు మధ్య నుంచి అంచుల వైపుకు బిగించుకుంటూ పోండి. బోర్డు మూలకు మరీ దగ్గరగా వేస్తే మూల విరుగుతుంది, 50 మి.మీ. దూరం ఉంచండి. స్క్రూ తల బోర్డుతో సమంగా ఆగాలి. లోపలికి దిగి జాలీని చింపేస్తే ఆ స్క్రూకు పట్టు లేనట్టే, పక్కన ఇంకోటి వేయండి. ఫోమ్ బోర్డుకు వాషర్ లేకుండా స్క్రూ వేస్తే తల ఫోమ్‌లోంచి దూసుకుపోతుంది.

బోర్డులు ఎంత ఎత్తుదాకా? నేల నుంచి కనీసం 6 అడుగులు, అంటే దాదాపు 1.8 మీటర్లు. షవర్ తల అంతకంటే పైన ఉంటే దాన్ని దాటి వెళ్ళాలి. పైకప్పు దాకా వెళ్ళగలిగితే ఇంకా మంచిది.

అతుకులు, మూలలు

అతుకులను టైల్ గమ్‌తో నింపి, తడిగా ఉండగానే 50 మి.మీ. వెడల్పు గ్లాస్ ఫైబర్ మెష్ టేపు అద్ది, పైన పలుచగా ఇంకో పూత లాగాలి. టేపు మాత్రం క్షారాన్ని తట్టుకునే రకమే కావాలి. జిప్సం బోర్డుకు వాడే మామూలు మెష్ టేపు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ సిమెంట్ క్షారం దాన్ని కాలక్రమంలో తినేస్తుంది. పూతను అతుకు దగ్గర గుట్టలా వదలకండి. ఇప్పుడు 2 మి.మీ. ఉబ్బు రేపు టైల్ పెట్టేటప్పుడు మీకు ఎదురవుతుంది.

గోడలు కలిసే మూల, గోడా నేలా కలిసే మూల ఎప్పుడూ కదులుతాయి. కట్టడం వేడికీ చల్లకీ సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకని మూలల్లో గట్టిపడే పదార్థం కంటే సాగే సీలెంట్, పైన మెంబ్రేన్ తయారీదారు ఇచ్చే గుడ్డ పట్టీ వాడండి.

వాటర్‌ప్రూఫ్ పొర

ద్రవ మెంబ్రేన్ వేయడం రంగు వేసినంత సులువుగా కనిపిస్తుంది. అక్కడే అందరూ బోల్తా పడతారు. రంగులాగా పలుచగా లాగేస్తారు. ఇది రంగు కాదు, గోడ మీద రబ్బరు తొడుగు తయారుచేయడం. డబ్బా మీద ఎంత మందం కావాలో రాసి ఉంటుంది. పళ్ళున్న చిన్న గేజ్ ఒకటి దొరుకుతుంది, తడి పూతలో గుచ్చితే మందం చెబుతుంది. గేజ్ లేకపోతే ఇంకో లెక్క ఉంది, నేనైతే రెండూ చేస్తాను. మీ గోడలు, నేల మొత్తం విస్తీర్ణానికి ఎన్ని లీటర్లు పట్టాలో ముందే లెక్కవేసుకోండి. పని అయ్యాక డబ్బా సగం మిగిలిందంటే మీరు పొదుపు చేసినట్టు కాదు, పొర సగమే వేసినట్టు.

వరస ఇది. బోర్డు దుమ్మంతా తడి స్పాంజ్‌తో తీసేయండి, దుమ్ము మీద పూస్తే పూత దుమ్ముకే అతుక్కుంటుంది. తయారీదారు ప్రైమర్ చెబితే వేయండి. మొదట మూలలు, అతుకులు, పైపుల చుట్టూ పూసి గుడ్డ పట్టీలు అందులో ముంచి అద్దండి, ముడతలు, గాలి బుడగలు లేకుండా. తర్వాత గోడ మొత్తానికి మొదటి పూత అడ్డంగా. అది ఆరాక రెండో పూత నిలువుగా. దిశ మార్చడం వల్ల మొదటిసారి తప్పిపోయిన చోట్లు రెండోసారి దొరుకుతాయి. చాలా మెంబ్రేన్లు ఆరితే రంగు మారతాయి, లేత రంగు ముదురుతుంది. గడియారం కంటే ఆ రంగునే నమ్మండి. చెమ్మగా ఉన్న రోజు, గాలి ఆడని గదిలో పెట్టె మీద రాసిన గంటలు చాలవు. మూలల్లో నిలిచిన మందపు పూత అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది.

ఆరాక లైటు ఆపి, టార్చ్‌ను గోడకు ఆనించి పక్క నుంచి వేయండి. సూది మొనంత రంధ్రాలు నీడల్లా కనిపిస్తాయి. సిమెంట్ బోర్డు గరుకు మీద ఇవి తప్పకుండా ఉంటాయి. మూడో పూత పడినా సరే, ఒక్కటీ వదలకండి.

షీటు మెంబ్రేన్ అయితే మందం గురించి టెన్షన్ లేదు, ఫ్యాక్టరీలోనే ఒకే మందంతో వస్తుంది. అతుకుల దగ్గర 50 మి.మీ. ఒకదాని మీద ఒకటి రావాలి. కింది నుంచి పైకి వేసుకుంటూ పోండి, పై షీటు కింది షీటు మీదకి దిగేలా, పెంకులు కప్పినట్టు. షీటు కింద గమ్ పళ్ళ తాపీతో పూసి, షీటు పెట్టి, చదును పట్టీతో మధ్య నుంచి అంచులకు నొక్కండి. మొదటి షీటును ఒక మూల వెనక్కి లాగి చూడండి. వెనకంతా గమ్ అంటి ఉండాలి, తెల్లటి ఖాళీలు కనిపిస్తే గమ్ గట్టిగా కలిపారన్నమాట. కొన్ని ప్లాస్టిక్ షీట్లకు పాలిమర్ కలపని గమ్ వాడమని తయారీదారు చెబుతారు, పాలిమర్ గమ్‌కు ఆరడానికి గాలి కావాలి, రెండు వైపులా మూసుకుపోతే రోజులు పడుతుంది. ఆ మాట వినండి.

నీళ్ళు ఎక్కువగా దూరేవి పెద్ద గోడల్లో కాదు, చిన్న చిన్న చోట్లలో. షవర్ చేయి పైపు గోడలోంచి బయటికి వచ్చే చోట రబ్బరు గాస్కెట్ తొడిగి, దాని అంచును మెంబ్రేన్‌తో కలపండి. పైన పెట్టే మెరిసే మూత నీళ్ళను ఆపుతుందని అనుకోవద్దు. మిక్సర్ చుట్టూ కూడా అంతే. గూటి లోపలి ఐదు ముఖాలకూ పూత పడాలి, దాని అడుగు పలక బయటికి కొంచెం వాలాలి, లేకపోతే సబ్బు నీళ్ళు అక్కడే నిలుస్తాయి. షవర్ ముందు గట్టు పైభాగం లోపలికి వాలాలి. గట్టు పైన గానీ లోపలి వైపు గానీ మెంబ్రేన్‌లోంచి మేకు, స్క్రూ ఏదీ దిగకూడదు.

నేల కూడా ఈ పొరలో భాగమే. డ్రెయిన్ వైపు మీటరుకు 2 సెం.మీ. వాలు మెంబ్రేన్ కిందనే రావాలి. పొర చదునుగా వేసి, టైల్స్ దగ్గర వాలు ఇస్తే పైన నీళ్ళు పోతాయి, కింద చేరినవి అక్కడే మురుగుతాయి. గోడ పొర, నేల పొర విడివిడిగా ముగియకుండా ఒకదాని మీదకి ఒకటి ఎక్కాలి.

నీళ్ళు నింపి చూడడం

ఈ పరీక్ష ఎవరు ఎంత తొందరపెట్టినా మానకండి. మేస్త్రీతో చేయిస్తుంటే ముందే మాట తీసుకోండి. మెంబ్రేన్ పూర్తిగా గట్టిపడ్డాక డ్రెయిన్‌ను రబ్బరు బిరడాతో మూసి, గట్టు కంటే కొంచెం కింద దాకా నీళ్ళు నింపండి. నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. మర్నాడు గీత చూడండి, కింది గది పైకప్పు చూడండి, గట్టు బయట నేల తడిమి చూడండి. ఆవిరైపోయే నీళ్ళు చాలా కొద్ది. మట్టం స్పష్టంగా తగ్గితే ఎక్కడో దారి ఉంది. మొదట బిరడా సరిగ్గా ఉందో లేదో చూసి, తర్వాత డ్రెయిన్ చుట్టూ, గట్టు మూలలు వెతకండి. లీక్ దొరకడం బాధగానే ఉంటుంది. అయినా ఇప్పుడు దాని ఖరీదు ఒక పూత, ఒక రోజు మాత్రమే.

టైల్స్ దగ్గరికి వచ్చాక

ఇక్కడి నుంచి మామూలు టైల్ పనే, మూడు నాలుగు జాగ్రత్తలు తప్ప. డబ్బాలో కలిపి వచ్చే పేస్టు గమ్ షవర్‌లో వద్దు. మెంబ్రేన్‌కూ టైల్‌కూ మధ్య అది ఆరదు, ఆరినా తడికి మళ్ళీ మెత్తబడుతుంది. పొడి సిమెంట్ గమ్ కలుపుకోండి. టైల్ వెనక కనీసం 95 శాతం గమ్ అంటుకోవాలి. అప్పుడప్పుడు ఒక టైల్ పీకి చూసుకోండి. పెద్ద టైల్ వెనక్కి కూడా పలుచగా గమ్ పూస్తే ఖాళీలు ఉండవు.

రెండో వరసతో మొదలుపెట్టేవారు కింద ఆధారంగా చెక్క పట్టీని గోడకు స్క్రూలతో బిగిస్తారు. అంత కష్టపడి వేసిన పొరకు మీ చేత్తోనే రంధ్రాలు పెట్టకండి. పట్టీని నేల మీద దిమ్మెలతో నిలబెట్టండి.

24 గంటల తర్వాత గ్రౌట్. మూలల్లో గ్రౌట్ నింపకుండా ఖాళీగా వదిలి, అది ఆరాక అదే రంగు సిలికాన్ నింపండి. మొదటి స్నానానికి ముందు గమ్, గ్రౌట్, సిలికాన్ మూడు ప్యాకెట్ల మీదా రాసిన గడువుల్లో అన్నిటికంటే పొడవైనది ఆగండి.

ఇంకొక పని, టైల్స్ పెట్టకముందే చేసి ఉంచుకోవాల్సింది: బోర్డు బిగించక ముందు ఒకసారి, మెంబ్రేన్ ఆరాక ఒకసారి, గోడకు కొలత టేపు ఆనించి ఫోటోలు తీయండి. పైపులు, కమ్ములు, దిమ్మెలు ఎక్కడున్నాయో తర్వాత ఎవరికీ గుర్తుండదు. గాజు తలుపు బిగించేవారు వచ్చినప్పుడు ఆ ఫోటోలు చూపించి, డ్రిల్ పెట్టే చోటు మీరే చెప్పండి. గట్టు పైన కాకుండా గోడకే బిగించమనండి. వేసిన ప్రతి రంధ్రంలో దుమ్ము ఊదేసి, నిండా సిలికాన్ నింపి, అది తడిగా ఉండగానే స్క్రూ తిప్పించండి.